గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకుండా: ప్రకటనలకు, పత్రికలకు కంప్యూటర్‌లో బొమ్మలు చేయడం

త్రీడీ బొమ్మలు చేసి అమ్మడం మొదలుపెట్టిన కొత్తల్లో నాకొక సెంటు సీసా ప్రకటన వచ్చింది. పత్రికలో ఎదురెదురుగా ఉండే రెండు పేజీల మీదా పరుచుకునే బొమ్మ. సీసాను సరిగ్గా మధ్యలో నిలబెట్టాను. వెనక నుంచి వెలుతురు, గాజు అంచుల్లో మెరుపు, అన్నీ కుదిరాయి. ఫైలు పంపాల్సిన ముందురోజు సాయంత్రం ఏజెన్సీ ఆర్ట్ డైరెక్టర్ ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: "మడత ఎక్కడ పడుతుందో చూసుకున్నారా?" రెండు పేజీలూ కలిసే చోట బైండింగ్ లోపలికి సీసా మీది పేరు సగం వెళ్లిపోతుంది. కెమెరా జరిపి, లైట్లన్నీ మళ్లీ సర్దుకుని, అయిదు వేల పిక్సెల్స్ వెడల్పున్న బొమ్మను మళ్లీ, సీనును లెక్కగట్టి చివరి బొమ్మ తీసే రెండర్‌కి వేసి, తెల్లవార్లూ టెన్షన్‌తో స్క్రీన్ ముందు కూర్చున్నాను. పెన్సిల్ స్కెచ్ దగ్గరే సీసాను కాస్త పక్కకి గీసి ఉంటే అర నిమిషంలో పోయే పని అది.

ఈ వృత్తిలో అడుగుల వరస అంతా ఆ రాత్రి మళ్లీ రాకుండా చూసుకోవడానికే ఉంది. ప్రతి నిర్ణయానికీ అది చౌకగా తేలే చోటు ఒకటుంటుంది. అక్కడే తేల్చెయ్యాలి, క్లయింట్ చేత అక్కడే సరే అనిపించుకోవాలి. నేను వాడేది త్రీడీ సీన్లు కట్టే బ్లెండర్, బొమ్మలు సరిదిద్దే ఫోటోషాప్. మీరు సినిమా 4డీ వాడినా, మాయా వాడినా, త్రీడీఎస్ మ్యాక్స్ వాడినా వరస ఇదే. ఇంకా ఏదీ నేర్చుకోనివాళ్లు బ్లెండర్‌తో మొదలుపెట్టొచ్చు. అది 2002 నుంచి ఓపెన్ సోర్స్, అమ్ముకునే పనికి కూడా ఉచితమే.

ముందు ఎవరికి చేస్తున్నారో చూసుకోండి

పత్రిక, ప్రకటన రెండూ బొమ్మే అడుగుతాయి గానీ అడిగేది వేర్వేరు పని. పత్రికకు కావలసింది ఆలోచన. వ్యాసంలో ఉన్న విషయాన్ని పాఠకుడు పేజీ తిప్పేలోపు పట్టుకునేలా చెప్పాలి. గడువు రోజుల్లోనే ఉంటుంది, సరే అనేది మాత్రం ఒకరిద్దరే. ప్రకటనకు కావలసింది వస్తువు. అది అచ్చంగా అసలు వస్తువులాగే ఉండాలి, అంతకంటే కాస్త అందంగా ఉండాలి. గడువు ఎక్కువే ఇస్తారు కానీ ఏజెన్సీ ఆర్ట్ డైరెక్టర్, అకౌంట్ మేనేజర్, కంపెనీ మార్కెటింగ్ వాళ్లు, ఒక్కోసారి వాళ్ల లాయర్లు కూడా చూసి తలొక మాట చెబుతారు. పత్రిక పనిలో మీ సమయం స్కెచ్‌ల మీద పోతుంది, ప్రకటన పనిలో మార్పుల మీద పోతుంది. కొటేషన్ ఇచ్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

1. బ్రీఫ్ (పని వివరాలు) వచ్చిన రోజే అడగాల్సినవి

"ఫుల్ పేజీ బొమ్మ కావాలి" అంటే అది బ్రీఫ్ కాదు. పేజీ కత్తిరించాక ఎంత ఉంటుంది? కత్తిరింపులో పోయేలా అంచుల బయట అదనంగా వేసే బ్లీడ్ ఎంత వదలాలి? పత్రిక పేరు, హెడ్డింగ్, వ్యాసం ఎక్కడొస్తాయి? కవర్ అయితే బార్‌కోడ్ ఏ మూల? రెండు పేజీల బొమ్మ అయితే మడత నుంచి ఎంత దూరంలో ముఖ్యమైనవి ఉండాలి? ప్రకటన అయితే ఇదే బొమ్మ ఫోన్‌లో నిలువుగా, రోడ్డు పక్క హోర్డింగ్‌లో అడ్డంగా కూడా రావాలా? ఇవన్నీ అడిగి, జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది ఆరు వారాల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

జవాబులు రాగానే పిక్సెల్స్ లెక్క కట్టాలి. మంచి కాగితం మీద అచ్చుకు అంగుళానికి 300 పిక్సెల్స్ మామూలు కొలత. ఏ4 పేజీ 210 × 297 మిల్లీమీటర్లు. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే 216 × 303. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి 216ని 25.4తో భాగించి 300తో గుణిస్తే 2551, అదే లెక్కన 303కి 3579. అంటే ఒక పేజీకి 2551 × 3579 పిక్సెల్స్. ఎదురెదురు రెండు పేజీలైతే 5032 × 3579, దాదాపు కోటీ ఎనభై లక్షల పిక్సెల్స్. 4కే వీడియోలో ఒక ఫ్రేముకు ఉండేవి 83 లక్షలే. స్క్రీన్ మీద చక్కగా కనిపించిన టెక్స్చర్ (వస్తువు ఉపరితలం మీద పరిచే చిత్రం) అచ్చులో మసకగా తేలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కొలత తెలియకుండా టెక్స్చర్లు ఎంచుకోవద్దు.

హోర్డింగ్ అనగానే భయపడక్కర్లేదు. దాన్ని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 30 పిక్సెల్స్‌తో కూడా సరిపోయే సందర్భాలున్నాయి. చాలామంది పదో వంతు సైజులో 300తో ఫైలు తయారు చేస్తారు, లెక్క అంతే వస్తుంది. ఖచ్చితమైన సంఖ్య మాత్రం ప్రింటర్‌నే అడగాలి.

2. డబ్బు, హక్కుల మాట కాగితం మీద

ఈ భాగం బొమ్మలు వేసేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది, నాకూ ఉండేది. ధర బొమ్మకి మాత్రమే కాదు, వాడకానికి కూడా. ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, ఏయే దేశాల్లో, పోటీ కంపెనీలకు మీరు అలాంటిది చెయ్యకూడదా అన్న నాలుగు విషయాలు రాసుకోవాలి. ఒక పత్రికలో ఒకసారి వచ్చే బొమ్మకీ, రెండేళ్లపాటు అన్ని చోట్లా తిరిగే ప్రకటనకీ ధర ఒకటి కాదు. ఎన్నిసార్లు మార్పులు ధరలో కలిసి ఉన్నాయో కూడా రాయండి, నేను స్కెచ్ దగ్గర రెండుసార్లు, ఫైనల్ దగ్గర ఒకసారి అని రాస్తాను. పని మధ్యలో ఆగిపోతే ఎంత ఇవ్వాలో, త్రీడీ సీన్ ఫైలు ఇస్తారో ఇవ్వరో కూడా తేల్చండి. మామూలుగా క్లయింట్‌కి చేరేది పూర్తయిన బొమ్మ. సీన్ ఫైలు కావాలంటే దానికి వేరే ధర.

3. పెన్సిల్

కంప్యూటర్ బొమ్మకు పెన్సిల్ ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. అగ్గిపెట్టె అంత బొమ్మలు ఇరవై గీయడానికి గంట పడుతుంది. త్రీడీలో ఒక్క ఆలోచన నిలబెట్టడానికే పూట పడుతుంది.

నిద్రలేమి మీద వ్యాసానికి బొమ్మ అడిగారనుకుందాం. చెయ్యి మొదట గీసేది గొర్రెలు, గడియారం, నల్లటి వలయాలున్న కళ్లు. అవి అందరికీ వచ్చేవే, గీసేసి పక్కన పెట్టండి. వాటిని బయటికి తోసేస్తే గానీ వెనక ఉన్నవి రావు. నాకైతే పదో బొమ్మ దాటాక గానీ పనికొచ్చేది తగలదు. దిండుకి చార్జింగ్ వైరు ఉంది, గోడకి ప్లగ్ ఉంది, వైరు మాత్రం జానెడు చాలలేదు. ఇందులో మనిషి లేడు, మాట లేదు, విషయం మాత్రం అర్థమవుతుంది. త్రీడీకి ఇలాంటి ఆలోచనే బాగా నప్పుతుంది. అసాధ్యమైన వస్తువును చేత్తో తాకొచ్చు అనిపించేంత నిజంగా చూపించడంలోనే దాని బలం ఉంది. నీటిరంగుల్లో ఇంకా బాగుండే ఆలోచన అయితే నిజాయితీగా క్లయింట్‌కి ఆ మాటే చెప్పండి.

మూడు స్కెచ్‌లు పంపండి, అంతకు మించి వద్దు. మీకు నచ్చనిది అందులో పెట్టకండి, ఎందుకో గానీ వాళ్లు ఎంచుకునేది అదే. హెడ్డింగ్ వచ్చే చోట ఖాళీ గడి గీసి చూపించండి.

4. రిఫరెన్సులు, కొన్న మోడళ్లు

ప్రకటన అయితే కంపెనీ నుంచి క్యాడ్ ఫైలు (వస్తువు తయారీకి చేసిన కంప్యూటర్ డిజైన్) అడగండి. కొలతలు అందులో ఖచ్చితంగా ఉంటాయి. కానీ ఆ మోడల్ ఫ్యాక్టరీ కోసం చేసింది, లోపలి మరలు కూడా ఉంటాయి, ఉపరితలం చిత్రమైన త్రిభుజాలుగా విరిగి వస్తుంది. శుభ్రం చెయ్యడానికి ఒక రోజు పక్కన పెట్టుకోండి. దాంతోపాటు అసలు వస్తువును కూడా తెప్పించుకోండి. మూత మీద గీతలు ఎటు పోతున్నాయో, గాజు అడుగు ఎంత మందమో ఫోటోలో తెలియదు.

చుట్టూ ఉండే సామాన్లు కొనుక్కోవచ్చు. కొనే ముందు లైసెన్సు చదవండి. మోడళ్లు అమ్మే సైట్లలో, ముఖ్యంగా కార్లు, పేరున్న బ్రాండ్ల వస్తువుల దగ్గర, ఎడిటోరియల్ వాడకానికి మాత్రమే అని ఉంటుంది. అది వ్యాసం పక్కన బొమ్మకి పనికొస్తుంది, ప్రకటనకి పనికిరాదు. ఒకే మోడల్ ఒక క్లయింట్‌కి సరే, ఇంకో క్లయింట్‌కి కేసు. హక్కులన్నీ వదులుకునే సీసీ0 లైసెన్సు కింద ఇచ్చే పాలీ హేవెన్ లాంటి చోట్ల టెక్స్చర్లు, వెలుతురు చిత్రాలు ఏ షరతూ లేకుండా ప్రకటనలకూ వాడుకోవచ్చు.

ఏఐతో తయారైన చిత్రాల సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. వాడొచ్చా, వాడితే చెప్పాలా అని క్లయింట్‌ని ముందే అడగండి. మనిషి సృజన లేకుండా పూర్తిగా యంత్రం చేసిన చిత్రానికి కాపీరైట్ నమోదు చెయ్యబోమని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. హక్కు లేని బొమ్మకి హక్కులు రాసివ్వలేం కదా. నేను ఆలోచనల దశ దాటి వాటిని రానివ్వను.

5. బూడిదరంగు బొమ్మ

ఈ ఒక్క అడుగు మానేసే వాళ్లే ఎక్కువ బాధపడతారు. రంగులు, మెరుపులు ఏమీ లేకుండా అన్ని వస్తువులకూ ఒకే బూడిద రంగు వేసి, కెమెరా పెట్టి రెండర్ చేసేదే క్లే రెండర్. దీన్ని క్లయింట్‌కి పంపినప్పుడు ఒక వాక్యం కలపండి: "ఇందులో చూడాల్సింది కోణం, వస్తువుల సైజు, ఉన్న చోటు మాత్రమే. రంగులు తర్వాత." రంగు లేనప్పుడు రంగు గురించి గొడవ ఉండదు, అందుకని వాళ్లు నిజంగా కోణాన్నే చూస్తారు. దీనికి సరే వచ్చాక కెమెరాకి తాళం వెయ్యండి. బ్లెండర్‌లో కెమెరా స్థానాన్ని, తిరుగుడును లాక్ చేసే గుర్తులు ఉన్నాయి, నిజంగానే వేసెయ్యండి.

లెన్సు విషయం. కొత్తవాళ్ల త్రీడీ బొమ్మ బొమ్మలా కనిపించడానికి వెడల్పు లెన్సు ఒక కారణం. చేతిలో పట్టే సీసాను 24 మిల్లీమీటర్ల లెన్సుతో దగ్గర నుంచి తీస్తే భవనంలా వంగుతుంది. వస్తువులకు 85 నుంచి 100 మిల్లీమీటర్లు పెట్టి కెమెరాను వెనక్కి జరపండి. నిలువు గీతలు పైకి పోతూ కలిసిపోతుంటే కెమెరాను పైకో కిందికో వంచకుండా లెన్స్ షిఫ్ట్ (కెమెరా తిరగకుండా ఫ్రేమును మాత్రం జరిపే సెట్టింగు) వాడండి, భవనాల ఫోటోగ్రాఫర్లు చేసేది అదే.

ప్రకటన అయితే ఇక్కడే ఆ బొమ్మను అడ్డంగా, నిలువుగా, చదరంగా కత్తిరించి చూసుకోండి. అన్నిటికీ ఒక ఫ్రేము చాలకపోతే చుట్టూ సీను ఎక్కువ కట్టాలి, అది ఇప్పుడు తెలిస్తే పర్వాలేదు.

6. మోడల్‌లో నమ్మించేవి చిన్నవే

ఏ నిజమైన వస్తువుకీ అంచు కత్తిలా ఉండదు. పెట్టె మూలైనా, కత్తెర వెనకైనా అర మిల్లీమీటరు గుండ్రం ఉంటుంది, దాని మీద సన్నని వెలుగు గీత పడుతుంది. ప్రతి అంచుకీ ఆ గుండ్రం, అంటే బెవెల్, ఇవ్వండి. సీనును అసలు కొలతల్లో కట్టండి, లేకపోతే ఫోకస్ మసక, నీడల మెత్తదనం రెండూ తప్పుతాయి.

సీసాలో ద్రవం ఉంటే ఒక చిక్కుంది. ద్రవానికీ గాజుకీ మధ్య సన్నని ఖాళీ వదిలితే రెండర్‌లో అక్కడ గాలి పొర కనిపిస్తుంది, సీసా లోపల ఇంకో సీసా ఉన్నట్టుంటుంది. ద్రవం గాజు లోపలి గోడలోకి వెంట్రుకవాసి చొచ్చుకుపోవాలి. వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకాలు కూడా సరిగ్గా ఇవ్వండి: నీటికి 1.33, మామూలు గాజుకి సుమారు 1.5. గాజులో నల్ల మచ్చలు వస్తే మెటీరియల్ (గాజుకిచ్చిన ఉపరితల గుణాలు) తప్పనుకుని తవ్వుకోకండి. వెలుతురు ఎన్ని పొరలు దాటొచ్చో చెప్పే ట్రాన్స్‌మిషన్ బౌన్సుల సంఖ్య చాలకపోయి ఉంటుంది.

7. వెలుతురు

మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం, మీరు ఎక్కువ సమయం ఇవ్వాల్సిన భాగం. అసలు చోటులోని వెలుతురును ఫోటోల్లో బంధించి కంప్యూటర్ వస్తువు మీద పడేలా చెయ్యొచ్చని పాల్ డెబెవెక్ 1998లో చూపించాడు. ఇప్పుడు హెచ్‌డీఆర్‌ఐ అని అందరం వాడేది ఆ దారిలో వచ్చిందే. ఒక్క క్లిక్కుతో సీను నిజంలా మారిపోతుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. అది చుట్టూ ఉన్న వెలుతురు మాత్రమే. వస్తువు ఎలా కనిపించాలో చెప్పేది మీరు పెట్టే లైటు.

స్టూడియో ఫోటోగ్రాఫర్ పద్ధతినే పట్టుకోండి. అన్ని లైట్లూ ఆర్పేసి ఒక్కొక్కటే వెలిగించండి. ప్రతిదీ ఏం చేస్తోందో ఒక మాటలో చెప్పలేకపోతే తీసెయ్యండి. మెరిసే లోహానికి లైటు వెయ్యడమంటే దానిలో కనిపించే ప్రతిబింబాన్ని గీయడమే, కాబట్టి పెద్ద తెల్ల పలక పెట్టి దాని అంచు వస్తువు మీద ఎక్కడ పడుతుందో చూసుకుంటూ జరపాలి. గాజుకు ముందు నుంచి లైటు వేస్తే ఉపయోగం లేదు. వెనక తెల్లటి వెలుగు పెట్టి, కెమెరాకి కనిపించకుండా రెండు పక్కలా నల్ల పలకలు నిలబెడితే గాజు అంచులు నల్లటి గీతల్లా తేలతాయి. త్రీడీలో మనకున్న సుఖం ఏమిటంటే, ఏ పలకనైనా ప్రతిబింబంలో మాత్రమే ఉండేలా, నీడ పడకుండా పెట్టుకోవచ్చు. కానీ ఈ మోసాలు మరీ ఎక్కువైతే ఎక్కడో తేడాగా ఉందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది, ఏమిటో చెప్పలేరంతే.

మెటీరియళ్లలో ఒక్కటే హెచ్చరిక: పూర్తి తెలుపు, పూర్తి నలుపు వాడొద్దు. కొత్త మంచు కూడా పడిన వెలుతురులో ఎనభై, తొంభై శాతమే వెనక్కి పంపుతుంది, బొగ్గు కూడా నాలుగు శాతం దాకా పంపుతుంది.

8. రెండర్

పొడవు, వెడల్పు రెండింతలైతే పిక్సెల్స్ నాలుగింతలు. చుక్కలు చుక్కలుగా కనిపించే నాయిస్‌ను సగానికి తగ్గించాలంటే ఒక్కో పిక్సెల్‌కి కంప్యూటర్ లెక్కించే శాంపిళ్లు నాలుగింతలు. ఈ రెండూ కలిస్తే రాత్రులు ఎలా పోతాయో ఊహించుకోండి. అందుకే పూర్తి సైజులో మూడు నాలుగు చిన్న ముక్కలు మాత్రం రెండర్ చేసి చూడండి: లేబుల్ మీద ఒకటి, గాజు అంచున ఒకటి, చీకటి మూల ఒకటి. ఆ నాయిస్‌ను తుడిచే డీనాయిజర్ మంచిదే, కానీ బట్ట నేత, తోలు గరుకు లాంటి సన్ననివాటిని మైనంలా పూసేస్తుంది. నేను డీనాయిజ్ చేసిందీ, చెయ్యనిదీ రెండూ దాచుకుని అలాంటి చోట్ల పాతదాన్ని కలుపుతాను.

సేవ్ చేసేది వెలుతురు విలువలన్నీ చెక్కుచెదరకుండా దాచే ఫైలు రకమైన 32 బిట్ ఓపెన్‌ఈఎక్స్‌ఆర్‌లో. ప్రతిబింబం, నీడ, లోతు వేర్వేరు పొరలుగా, ఒక్కో లైటు కూడా వేరే పొరగా తీయండి. ఏ వస్తువునైనా క్షణంలో ఎంచుకోవడానికి క్రిప్టోమాట్ పెట్టండి. "కుడి పక్క వెలుగు కాస్త తగ్గించండి" అన్న మెయిల్ వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. లైటు పొర విడిగా ఉంటే అది ఫోటోషాప్‌లో నిమిషం పని.

బ్రాండ్ రంగుతో మాత్రం జాగ్రత్త. బ్లెండర్ 4.0 నుంచి ఏజీఎక్స్ అనే రంగుల మార్పిడి ముందుగానే సెట్ అయి ఉంటుంది. వెలుతురును అందంగా చూపిస్తుంది కానీ గాఢమైన రంగులను కాస్త వెలిసినట్టు చేస్తుంది. కంపెనీ ఎరుపు ఇంకో ఎరుపు అయిపోతుంది. బొమ్మ మీద విడిగా వచ్చే లోగోను రెండర్‌లో పెట్టకుండా తర్వాత వెయ్యండి, వస్తువు మీది రంగును అసలు వస్తువు పక్కన పెట్టి ఫోటోషాప్‌లో సరిచెయ్యండి.

9. ఫోటోషాప్‌లో

పొరలు కలిపి, ధూళి కణాలు, వేలిముద్ర జాడ, కాస్త గ్రెయిన్ (ఫిల్ము ఫోటోల్లో ఉండే సన్నని గరుకు) కలపండి. రెండర్ మరీ శుభ్రంగా ఉంటుంది, శుభ్రమే దాన్ని పట్టిస్తుంది. మార్పులన్నీ వేరే లేయర్లలో ఉండాలి, అసలు రెండర్ మీద గీయొద్దు.

10. కాగితం మీద రంగు

స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. గాఢ నీలం, నియాన్ ఆకుపచ్చ, మండే నారింజ స్క్రీన్ మీద ఉన్నట్టు నాలుగు సిరాల్లో రావు. నా నీలిరంగు ఆకాశం ఒకటి ఊదా అయి అచ్చయింది. ఆ పత్రిక వాళ్లను అనడానికేం లేదు, నేనే చూసుకోలేదు.

పత్రిక నుంచి వాళ్ల కాగితం మీద రంగులెలా వస్తాయో చెప్పే కలర్ ప్రొఫైల్ అడిగి తీసుకోండి. మెరిసే కాగితానికి ఫోగ్రా39 లేదా ఫోగ్రా51 అనే అచ్చు ప్రమాణాల ఆధారంగా చేసినవి ఎక్కువగా కనిపిస్తాయి, దేశాన్ని బట్టి వేరేవి ఉంటాయి. ఫోటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో ఆ ప్రొఫైల్ ఎంచుకుని కంట్రోల్, వై నొక్కితే కాగితం మీద ఎలా ఉంటుందో దాదాపుగా కనిపిస్తుంది. అచ్చుకు అందని రంగులను గామట్ వార్నింగ్ బూడిద రంగులో చూపిస్తుంది. ఇది చివరి రోజు కాదు, రంగులు ఎంచుకునే రోజే చెయ్యాలి. మాస్టర్ ఫైలు మాత్రం స్క్రీన్ రంగుల్లో, అంటే ఆర్‌జీబీలోనే ఉంచండి. సీఎంవైకేకి (అచ్చు సిరాల రంగులకి) మార్చేది ఆ పత్రిక కోసం తీసే కాపీని.

ఒకే చోట పడే నాలుగు సిరాల శాతాలు కూడితే వచ్చే మొత్తానికీ ఒక హద్దుంది. మెరిసే కాగితానికి 300 నుంచి 330 శాతం, వార్తాపత్రిక కాగితానికి సుమారు 240. దాటితే సిరా ఆరదు, వెనక పేజీకి అంటుకుంటుంది. సరైన ప్రొఫైల్‌తో మారిస్తే ఈ హద్దు దానంతటదే కుదురుతుంది. వార్తాపత్రిక కాగితం సిరాను పీల్చుకుని చుక్కను పెద్దది చేస్తుంది, చీకట్లో ఉన్న వివరాలు ముద్దయిపోతాయి. దానికి ముందే నీడలను కాస్త తెరిచి ఇవ్వండి.

11. పంపడం, దాచుకోవడం

మార్పుల మెయిళ్లు నలుగురి నుంచి నాలుగు రాకుండా, ఒకరే కలిపి ఒకే జాబితాగా పంపమని అడగండి. "ఇంకొంచెం పాప్ అవ్వాలి" అన్న మాట వస్తే, ఏం తక్కువైంది, వెలుగా, రంగా, సైజా అని తిరిగి అడగండి. ఊహించి చేస్తే మూడుసార్లు చెయ్యాల్సి వస్తుంది.

పత్రికకు బ్లీడ్‌తో సహా టిఫ్ రకం ఫైలు ఇస్తే మామూలుగా సరిపోతుంది. ఏజెన్సీ అయితే వెనక దృశ్యం, వస్తువు, నీడ విడివిడిగా ఉన్న లేయర్ల ఫైలు అడుగుతుంది, వాళ్లు రకరకాల సైజులకు సర్దుకోవాలి. ప్రొఫైల్ ఫైలులోనే పొదగండి. ఫైలు పేరులో ఫైనల్ అని పెట్టకండి, తేదీ, వెర్షన్ సంఖ్య పెట్టండి.

సీన్ దాచేటప్పుడు బ్లెండర్‌లో టెక్స్చర్లన్నీ ప్యాక్ రిసోర్సెస్‌తో ఫైలులోకే ఎక్కించండి. ఏ వెర్షన్‌లో చేశారో, మోడళ్లు ఎక్కడ కొన్నారో, వాటి లైసెన్సు రసీదులు కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి. ఆ సెంటు సీసా వాళ్లు ఎనిమిది నెలల తర్వాత మూత రంగు మాత్రం మార్చి ఇంకో బొమ్మ అడిగారు. ఫైలు తెరిస్తే సీసా అంతా గులాబీ రంగులో కనిపించింది. టెక్స్చర్లు దొరకకపోతే బ్లెండర్ చూపించే రంగు అది.